కొబ్బరినీళ్లకి ఆగిన నెత్తురు

రావులపాలెం అరటి యార్డు ముందు పొద్దున్నే సైకిళ్లు బారులు తీరాయి. అటూ ఇటూ కర్పూర గెలలు. వాటిని తప్పించుకుంటూ రోడ్డు దాటి ల్యాబులోకి రండి. బల్ల మీద కూర్చున్న రైతుకి అరవై దాటాయి. చొక్కా జేబులో చుట్టలు.

"మూత్రం ఎర్రగా పడిందండి. నొప్పా మంటా ఏం లేదు. వేడి చేసిందని కొబ్బరినీళ్లు తాగాను, తగ్గిపోయింది. నిన్న మళ్లీ మొదలండి."

ఆ "తగ్గిపోయింది" అన్న మాటకే నాకు భయం. కొబ్బరినీళ్లు మూత్రాన్ని పలచన చేస్తాయి, అంతే. మూత్రాశయంలో గడ్డ ఉంటే ఓ రోజు నెత్తురు కారి, ఒక్కోసారి నెలల తరబడి ఊరుకుంటుంది.

"మొదటి ధార వదిలేసి, మధ్యలోది పట్టండి బాబాయ్" అంటూ ల్యాబు అబ్బాయి డబ్బా ఇచ్చాడు. వచ్చింది చూడండి, మాంసం కడిగిన నీళ్లలా ఉంది. అందులో ముంచిన కాగితపు పట్టీ మీద పసుపు గడి ఆకుపచ్చకి తిరిగింది. అది చాలదు. కండరాలు బాగా నలిగినా పట్టీ అలాగే తిరుగుతుంది. అందుకే మూత్రాన్ని యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున దిగినదాన్ని గాజు పలక మీద వేశాడు. మైక్రోస్కోపులో కన్ను పెట్టండి. ఒక చూపులో 3 ఎర్రకణాలు కనబడితేనే ఆలోచించాలి, ఇక్కడ లెక్కకే అందడం లేదు. అన్నీ గుండ్రంగా ఉన్నాయి. కిడ్నీ జల్లెడలోంచి దూరి వచ్చినవైతే చాలావరకు వంకర్లు పోయి ఉండేవి. చీముకణాలు దాదాపు లేవు.

డాక్టరుగారి గదిలోకి మీరూ వెళ్లండి.

"ఎరుపు మొదట్లోనా, చివర్లోనా?"

"మొత్తం అంతేనండి."

"చుట్ట ఎన్నాళ్లుగా?"

"పెళ్లికి ముందు నుంచీనండి."

ఆవిడ కలం ఆగింది. పొగలోని విషాలను కిడ్నీలు వడకట్టి మూత్రంలోకి వదులుతాయి. అవి గంటల తరబడి మూత్రాశయం గోడని తాకుతూ నిలవుంటాయి.

"స్కానింగులో ఏమీ లేదంటే ఇంటికెళ్లిపోవచ్చాండి?"

"వద్దండి. చిన్న గడ్డ అందులో తప్పిపోవచ్చు. కాకినాడో రాజమండ్రో వెళ్లి యూరాలజీ డాక్టరుతో సిస్టోస్కోపీ చేయించుకోండి. మూత్రం దారినే సన్నటి గొట్టం పంపి లోపల కంటితో చూస్తారు. మత్తు జెల్లీ రాస్తారు, భయపడకండి. గడ్డ ఉన్నా, పైపొరల్లోనే ఉంటే పొట్ట కొయ్యకుండా ఆ దారినే తీసేస్తారు. ఈలోపు ఎరుపు ఆగిపోయినా సరే, వెళ్లడం మాత్రం మానకండి."