ట్రంకుపెట్టెలో ఊరు

గాజువాకలో మా నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున తాత కట్టిన శిస్తు రసీదులు, భూసేకరణ నోటీసు, ప్లాస్టిక్ కవర్లో ఒక ఆర్-కార్డు ఉన్నాయి.

‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో జరిగిన ఉద్యమం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన పుస్తకాల్లో దొరుకుతాయి. ఫ్యాక్టరీ కోసం ఊరొదిలిన కుటుంబం చరిత్ర మాత్రం ఇలా పెట్టెల్లోనే ఉంటుంది. ఆర్-కార్డంటే నిర్వాసితులమని రుజువు. నాన్నకి ఉద్యోగం వచ్చింది దాంతోనే. పనైపోయిన కాగితాన్ని ఇంకా ఎందుకు దాచడం అనుకునేవాణ్ణి.

2021లో స్టీల్‌ప్లాంటు ప్రైవేటుకి ఇస్తారన్న వార్త వచ్చిన రాత్రి నాన్న పెట్టె తెరిచారు. కార్డు పక్కన పెట్టేసి, శిస్తు రసీదొకటి దీపం దగ్గరకి తీసుకెళ్లారు. అందులో కరణం చేతిరాతలో మా ఊరి పేరుంది.