ఆ పసుపు దీపం మీద టేపు అంటించే ముందు...

కారుకి చక్రాలు మార్పించిన ఒకట్రెండు రోజుల్లో చాలామందికి ఎదురయ్యేదే. డాష్‌బోర్డు మీద గుర్రపు నాడాలాంటి పసుపు బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. బండి స్టార్ట్ చెయ్యగానే ఓ నిమిషం పైగా మిణుకుమిణుకుమంటుంది, తర్వాత ఆరకుండా అలా వెలుగుతూనే ఉంటుంది. గాలి చూస్తే నాలుగింట్లోనూ సరిగ్గానే ఉంటుంది. ఇక జనాలు చేసే పని ఏవిటంటే, నల్లటేపు ముక్కొకటి కత్తిరించి దాని మీద అంటించెయ్యడం. సర్వర్ నుంచి రోజూ వచ్చే అలర్టులకి మెయిల్లో ఓ రూల్ రాసి ఏదో ఫోల్డర్లోకి తోసేస్తాం చూడండి, అచ్చం అలాగన్నమాట.

కానీ ఆ దీపం ఊరికే రాలేదు. దాని స్పెసిఫికేషన్ వెనక చాలా చావులున్నాయి, ఓ కోర్టు కేసుంది.

2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ దాదాపు 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకుంటున్నానని ప్రకటించింది. వాటిలో చాలామటుకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ళకి వేసినవే. వేగంగా పోతుండగా టైరు పైపొర ఊడిపోవడం, బండి పల్టీ కొట్టడం, ఇదీ వరస. అక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ చివరికి లెక్కతేల్చిన మరణాలు 271. ఆ టైర్లలో 26 పీఎస్ఐ గాలి చాలని ఫోర్డ్ చెప్పింది, 30 ఉండాలని ఫైర్‌స్టోన్ అంది. లోపం టైరుదని ఒకరు, బండిదని ఇంకొకరు. "నా కోడ్ బానే ఉంది, మీ మాడ్యూల్లోనే బగ్గు" అనే వాదన మనకి కొత్తేం కాదు కదా! దాదాపు వందేళ్ళ వ్యాపార బంధం 2001లో తెగిపోయింది.

వాళ్ళ తగువెలా ఉన్నా ఒక్క విషయం మాత్రం ఖాయం. గాలి తగ్గితే టైరు పక్కగోడలు ఎక్కువ వంగుతాయి, వంగినకొద్దీ వేడెక్కుతాయి, వేడి టైరుకి శత్రువు. అందుకే 2000 నవంబర్ 1న సంతకమైన ట్రెడ్ చట్టంలో, గాలి బాగా తగ్గితే డ్రైవరుకి చెప్పే ఏర్పాటు కొత్త బళ్ళలో ఉండి తీరాలని రాశారు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది చవక. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై మిగతావాటికన్నా వేగంగా తిరుగుతుంది. ఏబీఎస్ కోసం ఎలాగూ ఉన్న సెన్సర్లతో ఆ తేడా పట్టుకోవచ్చు. దాదాపు అంతా సాఫ్ట్‌వేరే. కానీ నాలుగింట్లోనూ ఒకేలా గాలి తగ్గితే పోల్చుకోడానికేం మిగలదు. రెండోది ఖరీదు. ప్రతి చక్రంలో బ్యాటరీతో నడిచే ఓ సెన్సర్ కూర్చుని, గాలి ఎంతుందో తన ఐడీతో సహా రేడియోలో పంపిస్తుంది.

2002లో వచ్చిన మొదటి నిబంధన చవకదారికీ చోటిచ్చింది. పబ్లిక్ సిటిజన్ అనే సంస్థ, మరికొందరు కోర్టుకెళ్ళారు. 2003 ఆగస్టులో అప్పీళ్ళ కోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. చట్టం అడిగింది ఏ టైరులో గాలి తగ్గినా చెప్పమని, కొన్ని సందర్భాల్లో చెబితే చాలదని దాని సారాంశం. దాంతో 2005 ఏప్రిల్లో కొత్త నిబంధన వచ్చింది. ఒక టైరైనా, నాలుగైనా, కంపెనీ చెప్పిన ప్రెజర్ కన్నా 25 శాతం తగ్గితే 20 నిమిషాల్లోపు దీపం వెలగాలి. 2007 సెప్టెంబర్ నుంచి అక్కడ తయారయ్యే తేలికపాటి బళ్ళకి ఇది తప్పనిసరైంది.

అసలు కిటుకు ఇక్కడుంది. బయట దొరికే ప్రతి టైరుతోనూ, ప్రతి రిమ్ముతోనూ ఈ సిస్టం పనిచేసేలా చూడమంటే కంపెనీలకి సాధ్యం కాదు. కాబట్టి మధ్యేమార్గంగా, మార్చిన చక్రాలతో సిస్టం పనిచెయ్యకపోతే ఆ సంగతి బండే చెప్పాలన్నారు. ఆ మిణుకుమిణుకు అదే. స్టార్ట్ చెయ్యగానే స్థిరంగా వెలిగితే "గాలి తక్కువ" అని. మిణుకుమని తర్వాత నిలబడితే "నాకేం కనిపించడం లేదు" అని. మన భాషలో మొదటిది తక్కువ విలువ, రెండోది నల్. ఈ రెండిటినీ ఒకటే అనుకునే ప్రోగ్రామరుని మనం ఊరుకుంటామా?

మరి ఏం చెయ్యాలి? పాత చక్రాల్లోని సెన్సర్లు కొత్తవాటిలో పట్టేట్టయితే వాటినే వేయించండి. లేదా మీ బండి ఫ్రీక్వెన్సీకి సరిపోయే కొత్తవి కొనండి. అమెరికాలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 433. తర్వాత కొత్త ఐడీలు కంప్యూటరుకి నేర్పాలి. కొన్ని బళ్ళు కాసేపు నడిపితే వాటంతటవే నేర్చుకుంటాయి, కొన్నిటికి చేతి పరికరం కావాలి. ఏబీఎస్ రకమైతే గాలి సరిచేసి రీసెట్ చేస్తే చాలు.

ఇంకో చిక్కుంది. చాలా బళ్ళలో హద్దు కంపెనీ టైర్లని బట్టి పెట్టిందే. మీరు ఎక్కువ ప్రెజర్ అవసరమైన టైర్లు వేయిస్తే, దీపం వెలిగేసరికే ఆలస్యమైపోవచ్చు.

మిన్నెసోటా, మిషిగన్ వైపు చలికాలానికి వేరే చక్రాల సెట్టు పెట్టుకునే మనవాళ్ళకో మాట. పనిచేస్తున్న సిస్టం తీసేసి సెన్సర్లు లేని చక్రాలు బిగిస్తే షాపువాడు చట్టం తప్పినట్టేనని ఎన్‌హెచ్‌టీఎస్ఏ 2011లో స్పష్టం చేసింది. వాడు సెన్సర్లు కొనమంటే అన్నిసార్లూ డబ్బు గుంజడానికే కాదు.

ఇక మన దేశంలో 2020లో మారిన నిబంధనల ప్రకారం, ట్యూబ్‌లెస్ టైర్లు, పంచర్ కిట్టు, ఈ హెచ్చరిక సిస్టం ఉన్న కార్లకి స్టెప్నీ అక్కర్లేదు. అంటే స్టెప్నీ తీసేసి దాని బాధ్యతలో కొంత ఈ దీపానికి అప్పగించారన్నమాట. అలాంటి కారుకి అల్లాయ్ వీల్స్ మార్పిస్తుంటే, పాత రిమ్ములు షాపులో వదిలేసే ముందు లోపలున్న సెన్సర్లు అడిగి తీసుకోండి. టేపు దాకా పోకుండా ఉంటుంది.