ఆధ్యాత్మిక ప్రజ్ఞ – విద్యార్థి విషాదము

పదునాలుగేండ్ల బాలుని దిగులు వ్యాధి కావచ్చునని వైద్యలోకము అంగీకరించుటకు చాల కాలము పట్టినది. 1961లో ఆరన్ బెక్ అను అమెరికా వైద్యుడు కుంగుబాటును కొలుచుటకు 21 అంశముల ప్రశ్నావళిని రచించెను. అది పెద్దలకు ఉద్దేశింపబడినది. బాలుర మనస్సు పరిణతి చెందలేదు గనుక వారికి కుంగుబాటు రాజాలదని మనోవిశ్లేషణ పక్షమువారు పెక్కురు ఆనాడు వాదించిరి. ఆ అభిప్రాయము సడలిన పిదప మరియా కోవాక్స్ అను విదుషి, బెక్ మార్గమునే అనుసరించి, పిల్లలకై 27 అంశములతో వేరొక ప్రశ్నావళిని కూర్చెను.

ఆధ్యాత్మిక ప్రజ్ఞ యను మాట ఇంతకంటె కొత్తది. 1983లో హోవర్డ్ గార్డ్‌నర్ బుద్ధి ఒకటి కాదు, ఏడు విధములని ప్రతిపాదించెను. 2000లో డానా జోహార్, ఇయాన్ మార్షల్ దంపతులు ఆధ్యాత్మిక ప్రజ్ఞపై గ్రంథము ప్రకటించిరి. గార్డ్‌నర్ మాత్రము దానిని తన పట్టికలో చేర్చుటకు సందేహించెను. 2008లో కెనడాలో డేవిడ్ కింగ్ దానిని 24 ప్రశ్నలలో కొలువబూనెను. పిమ్మట ఉన్నత పాఠశాలలలో ఈ రెండు కొలతలను జతపరచు పరిశోధనలు బయలుదేరినవి.

ఇచ్చట నాకొక శంక గలదు. జీవితము అర్థరహితముగ తోచుట కుంగుబాటు లక్షణములలో నొకటి. అట్టి బాలునకు జీవితార్థమును గూర్చిన ప్రశ్నలలో తక్కువ మార్కులు వచ్చుటలో వింత యేమి? ఏది కారణమో, ఏది కార్యమో ఆ లెక్క చెప్పదు. “భక్తి లేక నీకీ గతి పట్టినది” అని పిల్లవానిని మందలించుటకు అది ఆధారము కానేరదు.

మన భారతమే చూడుడు. శాంతిపర్వమున ధర్మరాజు, యుద్ధానంతరము, రాజ్యమే వలదని కుంగిపోవును. తమ్ములును ద్రౌపదియు మందలింతురు, ఫలింపదు. అతనికి ధర్మజ్ఞానము కొరవడెనని ఎవరనగలరు? పిమ్మట వ్యాసుడు, కృష్ణుడు, అంపశయ్యపై నున్న భీష్ముడు దీర్ఘకాలము అతనితో సంభాషింతురు. తిక్కన తెనిగించిన ఆ ఘట్టమును పాఠముగ చెప్పునప్పుడు నేను మందలింపు విఫలమైన చోటనే ఎక్కువసేపు నిలుతును.

రాష్ట్రేతర తెలుగు బాలునకు మరియొక చిక్కు గలదు. ఇంట తెలుగు, వీధిలో వేరు భాష, పైచదువున ఇంగ్లీషు. తమిళనాట 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పదవ తరగతిని చేరినప్పుడు మైనారిటీ భాషల పిల్లల పరీక్షాభయము న్యాయస్థానముల దాక వెళ్లినది. దిగులు, బెంగ, గుబులు – ఈ మూడును ఒకటి కావు. హాస్టలులో చేరిన పిల్లకు అమ్మపై కలుగునది బెంగ. ఫలితముల నాటి ఉదయము గుండెలో మెదలునది గుబులు. పరభాషలోని ప్రశ్నావళికి ఈ భేదము అందదు; తెలుగు మరచిన బిడ్డ తన బాధకు తానే పేరు పెట్టలేదు.

2015–16 నాటి జాతీయ మానసికారోగ్య సర్వేలో 13 నుండి 17 ఏండ్ల వారిలో 7.3 శాతమునకు ఏదో యొక మానసిక రుగ్మత కానవచ్చినది. అనగా నలుబదిమంది గల తరగతిలో ఇంచుమించు ముగ్గురు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగున మాటలాడవచ్చును. ఈ సంఖ్యను మన బడులలో కాలపట్టిక ప్రక్కన వ్రాసియుంచుటకు సుద్దముక్క చాలును.