డామిట్, శాపం, ఒట్టు

గిరీశం నోటి 'డామిట్' వినని తెలుగు విద్యార్థి అరుదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కొరాపుట్, రాయగడ విద్యార్థులకు కూడా అది తెలిసిన మాటే. కాని దానికి తెలుగు ఏమిటని అడిగితే చిక్కు వచ్చిపడుతుంది. 'శపించు' అంటే మరీ బరువు. 'తిట్టు' అంటే పొసగదు, ఎందుకంటే గిరీశం ఆ మాటతో తిట్టేది ఒక మనిషిని కాదు. ఈ చిక్కుకు వెనుక ఉన్న చరిత్రను క్లుప్తంగా పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఇంగ్లీషులో 'డామ్' అనే క్రియ సుమారు 1300 ప్రాంతంలో ఫ్రెంచి ద్వారా వచ్చింది. దానికి మూలం లాటిన్‌లోని 'డామ్నుమ్'. నష్టం, జరిమానా అని దాని అర్థం. నష్టాన్ని చెప్పే 'డామేజి', దోషిగా తేల్చడాన్ని చెప్పే 'కండెమ్' కూడా ఆ కుదురువే. అంటే ఇది మొదట న్యాయస్థానపు మాట. తరువాత క్రైస్తవ మతంలో దేవుడే న్యాయాధిపతి, నరకమే శిక్ష అయ్యాయి. 'నేను చెప్పేది అబద్ధమైతే దేవుడు నన్ను నరకంలో పడవేయుగాక' అనడం ఒట్టు. 'దేవుడు నిన్ను నరకంలో పడవేయుగాక' అనడం శాపం. వాడుకలో అరిగి అరిగి, దేవుడూ నరకమూ జారిపోయి, చివరికి విసుగును తెలిపే ఊతపదం మిగిలింది.

ఒట్టూ శాపమూ ఒక్క మాటలో ఇమడటం ఇంగ్లీషుకే పరిమితమైన వింత కాదు. సంస్కృతంలో 'శప్' ధాతువు ఒక్కటే. శపథమూ దాని నుంచే, శాపమూ దాని నుంచే. తెలుగు ఈ రెండింటినీ తీసుకుని వేరువేరుగా వాడుకుంది. వాటి పక్కన 'ఒట్టు', 'ఆన', 'బాస', 'తోడు' ఉండనే ఉన్నాయి. ఒడియాలో ఒట్టును 'రాణ' అంటారు, తిట్టును 'గాళి' అంటారు. పేర్లు ఎన్ని ఉన్నా లోపలి సూత్రం ఒక్కటే: ఒట్టు అంటే తనకు తాను షరతుతో పెట్టుకునే శాపం.

ఈ సూత్రానికి స్పష్టమైన నిదర్శనం మన కొండల్లోనే ఉంది. గంజాం కొండల్లో పనిచేసిన మాక్‌ఫర్సన్ అనే అధికారి 1840ల నాటి తన రచనల్లో కోంధుల ప్రమాణాలను వర్ణించాడు. పులిచర్మం మీద ప్రమాణం చేసినవాడు అబద్ధమాడితే పులి వాతపడాలి. బల్లి చర్మం మీదనైతే తన ఒళ్లూ అలాగే పొలుసులు కట్టాలి. పుట్టమన్ను మీదనైతే తానూ ఆ మన్నులా పొడి కావాలి. రాయగడ కొండల్లో ఉన్నదీ ఈ కోంధు జాతివారే. పులి తిరిగే అడవిలో బతికేవాడికి ఆ మాట అలంకారం కాదు.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. కొరాపుట్ 1936 ఏప్రిల్ 1 దాకా విశాఖపట్నం జిల్లాలో భాగం. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఆ విజయనగరం కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. ఒకే జిల్లాలో, కింద మైదానంలో బరువంతా పోయిన ఇంగ్లీషు శాపం చదువుకున్నవాడి డాబుకు పనికివచ్చింది. పైన కొండల్లో శాపానికి ప్రాణమంత విలువ ఉంది.

చట్టం కూడా ఈ విలువను గుర్తించింది. 1873 నాటి ప్రమాణాల చట్టం, సాక్షి తన జాతివారు కట్టుబడే పద్ధతిలో ప్రమాణం చేస్తానంటే న్యాయస్థానం అందుకు అనుమతించవచ్చునన్నది. 1969 చట్టంలోనూ ఆ వీలు నిలిచింది. అయితే ఆ ప్రమాణం న్యాయానికి, మర్యాదకు విరుద్ధం కాకూడదు. మూడో మనిషికి తగిలేది కాకూడదు. బిడ్డ తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకోవడం మన ఇళ్లలో ఎరిగినదే. చట్టం దాన్ని ఒప్పదు. పెట్టుకుంటే నీ మీదే పెట్టుకో, పసివాడి మీద వద్దు అన్నదే దాని భావం.

'ఒట్టు తీసి గట్టు మీద పెట్టు' అని మనవాళ్లు తేలిగ్గా అంటారు. అలా గట్టెక్కిన ఒట్టే గిరీశం 'డామిట్'. కనుక దాన్ని తెనిగించవలసి వచ్చిన విద్యార్థి నిఘంటువు చూసే ముందు, ఆ మాట అన్నవాడు దానికి భయపడుతున్నాడా లేదా అని చూడాలి. భయం ఉంటే అది శాపం, లేకపోతే ఉత్త ఊతపదం. న్యాయస్థానంలో కొండవాడి మాటను మరో భాషలో చెప్పవలసి వచ్చినప్పుడు ఈ తేడా మరింత ముఖ్యం. అతని ఒట్టును ఊతపదంగా మార్చి చెబితే, పోయేది ఒక మాట కాదు, అతని సాక్ష్యం.