బదిలీ వచ్చిన క్వార్టర్‌బ్యాక్: కాలి విలువను ఎలా లెక్కగట్టాలి?

2025 జనవరి 20 రాత్రి అట్లాంటాలో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ ఫైనల్ జరిగింది. బంతి మొదట నోటర్ డేమ్ చేతికి వచ్చింది. 18 ప్లేలు, 75 గజాలు, పది నిమిషాలకు పదిహేను సెకన్లు తక్కువ. అందులో సగం సార్లు బంతి గుండెకు అదుముకుని పరిగెత్తినవాడు జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ రైలీ లెనర్డే. చివరి గజం కూడా తానే తలదూర్చి టచ్‌డౌన్ చేశాడు. ఆ తర్వాత ఓహయో స్టేట్ వరసగా 31 పాయింట్లు సాధించింది. ఆట ముగిసేసరికి స్కోరు 34–23. లెనర్డ్ పేరిట 17 పరుగులు, 40 గజాలు మిగిలాయి.

ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ ఆ రాత్రి 21 పాసులు విసిరితే 17 చేరవలసిన చోటికి చేరాయి. నోటర్ డేమ్ పుంజుకుని దగ్గరికి వచ్చిన ఘడియలో, నాలుగు ప్రయత్నాల్లో మూడోదైన మూడో డౌన్‌లో 11 గజాలు కావలసినప్పుడు, జెరిమయా స్మిత్‌కు 56 గజాల పాసు వేసి ఆటను ముగించాడు. అంతకు ముందటి ఏడాది ఈ ఇద్దరూ ఈ జట్లలో లేరు. లెనర్డ్ డ్యూక్ నుంచి, హవర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు.

ఒకడు కాళ్ళతో మొదలుపెట్టాడు, మరొకడు చేతితో ముగించాడు. చేతిదే పైచేయి అని తేల్చేయడం సులువు. కానీ లెనర్డ్ కాళ్ళు లేకపోతే నోటర్ డేమ్ అట్లాంటా దాకా వచ్చేదా? బదిలీ అయిన క్వార్టర్‌బ్యాక్‌కు పరుగు ఎంత విలువ తెస్తుందన్న ప్రశ్నకు మనం వాడే కొలతలు సరిపోవడం లేదు. పరుగు విలువను గజాల్లో కాకుండా కాలంలో వెతకాలన్నది ఈ వ్యాసం వాదన. కొత్త జట్టులో చెయ్యి కుదురుకోవడానికి ఏడాది పడితే, కాళ్ళు మొదటి రోజు నుంచే పనిచేస్తాయి.

ఆస్టిన్‌లోనో కొలంబస్‌లోనో చదువుకున్న తెలుగు విద్యార్థులకు శనివారాల స్టేడియం హోరు పరిచయమే. ఆ హోరు వెనక నిబంధనల చరిత్ర కొంత తెలిస్తేగాని వాదన ముందుకు సాగదు. ఒకప్పుడు విశ్వవిద్యాలయం మారిన ఆటగాడు ఒక సీజన్ ఊరికే కూర్చోవాలి. డిగ్రీ పూర్తయినవాళ్ళకు వెసులుబాటు ఉండేది. రసెల్ విల్సన్ నార్త్ కరొలైనా స్టేట్ వదిలి 2011లో విస్కాన్సిన్‌కు వెళ్ళి ఆ ఏడాదే ఆడింది దానివల్లే. 2018 అక్టోబరులో కాలేజీ క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ, బదిలీ కోరేవాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచింది. 2021లో మొదటి బదిలీకి ఆ ఏడాది విరామం తీసేసింది. అదే సంవత్సరం జులై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరుతో, రూపంతో డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. 2024లో, చదువు సరిగా సాగుతుంటే ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు.

ఈ మార్పుల్లో ఆటగాడి స్వేచ్ఛ గురించి, డబ్బు గురించి చాలా చర్చ జరిగింది. నేను చూపదలచుకున్నది వేరు. కూర్చోవలసి వచ్చిన ఆ ఏడాది శిక్షే అయినా, అది చదువుకునే ఏడాది కూడా. టెక్సస్ టెక్ నుంచి ఓక్లహోమాకు వచ్చిన బేకర్ మేఫీల్డ్ 2014 అంతా కూర్చున్నాడు. టెక్సస్ ఎ అండ్ ఎమ్ నుంచి అక్కడికే వచ్చిన కైలర్ మర్రీ 2016లో కూర్చున్నాడు, 2017లో మేఫీల్డ్ వెనక నిలబడ్డాడు. వాళ్ళు మైదానంలోకి దిగేసరికి ప్లేబుక్ కంఠతా వచ్చింది, రిసీవర్ల అడుగులు అలవాటయ్యాయి. ఇప్పటి క్వార్టర్‌బ్యాక్ జనవరిలో వస్తాడు, ఆగస్టు చివర ఆడతాడు. ఆ వ్యవధి కుదించుకుపోవడమే కాలి విలువను పెంచింది.

పాసు ఇద్దరిది, పరుగు ఒక్కడిది

పాసు ఒక ఒప్పందం. రిసీవర్ ఇంకా మలుపు తిరగకముందే అతడు తిరగబోయే చోటికి బంతి బయలుదేరాలి. ఆ నమ్మకం వందలసార్లు కలిసి సాధన చేస్తేగాని కుదరదు. తనను కాపాడే లైన్ కట్టిన వలయం, అంటే పాకెట్, చెదిరినప్పుడు పక్కకు తప్పుకుని ఏడు గజాలు పరిగెత్తడానికి ఎవరితోనూ ఒప్పందం అక్కర్లేదు.

ఇందుకు దొరికే సాక్ష్యం ఒకే జట్టులో రెండు సీజన్లు ఆడిన బదిలీ ఆటగాళ్ళ లెక్కల్లో ఉంది. ఓహయో స్టేట్ నుంచి లూసియానా స్టేట్‌కు (ఎల్‌ఎస్‌యూ) వెళ్ళిన జో బరో 2018లో 16 టచ్‌డౌన్ పాసులు వేశాడు, 399 గజాలు పరిగెత్తాడు. 2019లో పాసులు 60కి ఎగబాకాయి, పరుగు 368 దగ్గరే ఆగింది. ఆబర్న్ నుంచి ఆరెగాన్‌కు వచ్చిన బో నిక్స్ 2022లో పరుగుతో 14 టచ్‌డౌన్లు, 510 గజాలు సాధించి, పాసులతో 29 టచ్‌డౌన్లు చేశాడు. మరుసటి ఏడు పరుగు 234 గజాలకు తగ్గింది, టచ్‌డౌన్ పాసులు 45 అయ్యాయి. అరిజోనా స్టేట్ నుంచి ఎల్‌ఎస్‌యూకు వచ్చిన జేడెన్ డేనియల్స్ 2022లో 885 గజాలు పరిగెత్తాడు, 17 టచ్‌డౌన్ పాసులు వేశాడు. 2023లో పాసులు 40, పరుగు 1,134 గజాలు.

ముగ్గురిలోనూ పాసు రెండో ఏట ఒక్కసారిగా దూకింది. పరుగు ఒకరిలో నిలకడగా ఉంది, ఒకరిలో తగ్గింది, ఒకరిలో పెరిగింది. అంటే పరుగు మొదటి ఏడే దాదాపు నిండుగా పనిచేసింది. లెనర్డ్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. నోటర్ డేమ్‌లో మొదటి మూడు ఆటల్లో అతడి చేతి నుంచి ఒక్క టచ్‌డౌన్ పాసు కూడా రాలేదు. ఆ మూడింటిలో ఒకటి సొంత మైదానంలో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో 16–14తో ఓడారు. ఆ ఆటలో అతడు రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. తర్వాతి వారం పర్డ్యూ మీద పరుగుతోనే మూడు టచ్‌డౌన్లు చేశాడు. చెయ్యి కుదురుకునేదాకా సీజన్‌ను కాళ్ళే మోశాయి. సీజన్ మొత్తంలో పరుగు టచ్‌డౌన్లు 17.

ఇక్కడ నా వాదనకు అడ్డం వచ్చే పేర్లు దాచను. ఇండియానా నుంచి వాషింగ్టన్‌కు వెళ్ళిన మైకెల్ పెనిక్స్ పరుగు జోలికి పెద్దగా పోకుండానే మొదటి ఏడే, 2022లో, 4,641 గజాలు పాసులతో సాధించాడు. అయితే అక్కడి కోచ్ కేలెన్ డిబోర్ 2019లో ఇండియానాలో అతడి ఆటను నడిపినవాడే. పెనిక్స్‌కు ఊరు కొత్తగాని పాఠం పాతది. 2022లో ఓక్లహోమా వదిలి దక్షిణ కాలిఫోర్నియాకు వెళ్ళిన కేలెబ్ విలియమ్స్ కూడా తన కోచ్ లింకన్ రైలీ వెంట వెళ్ళినవాడే. ఆ ఏడే 42 టచ్‌డౌన్ పాసులు, అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ. నిక్స్‌కు సైతం ఆరెగాన్‌లో ఎదురైన శిక్షకుడు కెనీ డిలింగమ్ ఆబర్న్‌లో పాత పరిచయం. పరిచయం ఉన్నచోట కాలి అవసరం తగ్గుతుందన్నది నా వాదనను బలపరిచేదే. లొంగనిది ఒక్క విల్సన్ ఉదాహరణ. 2011 వేసవిలో విస్కాన్సిన్ చేరి, ఆ శరదృతువులోనే 33 టచ్‌డౌన్ పాసులకు నాలుగే ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ముందు బలమైన లైన్, పక్కన మాంటీ బాల్ వంటి రన్నర్ ఉండడం కొంత కారణం. మిగతాది అతడి ప్రతిభ. దానికి సిద్ధాంతం కట్టాలని చూడను.

ఇంకో పరిమితి ఉంది. రెండు సీజన్లు ఆడగలిగినవాళ్ళంతా మొదటి సీజన్‌లో నిలదొక్కుకున్నవాళ్ళు. మొదటి ఏడే బెంచీ ఎక్కినవాళ్ళ లెక్క ఈ పోలికలోకి రాదు. బరోకు 2019లో కొత్త పాసింగ్ శిక్షకుడు జో బ్రేడీ దొరికాడన్నదీ మరవకూడదు.

తప్పుడు కొలబద్ద

కాలేజీ గణాంకాల్లో ఒక విచిత్రం ఉంది. క్వార్టర్‌బ్యాక్‌ను పాసు వేయకముందే పడగొడితే, అంటే శాక్ చేస్తే, పోయిన గజాలను అతడి పరుగు ఖాతాలోంచి తీసేస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ నష్టం జట్టు పాసింగ్ ఖాతాకు పోతుంది. ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. ఒకడు పదిసార్లు పరిగెత్తి 60 గజాలు తెచ్చాడు, మూడుసార్లు శాక్ అయి 25 గజాలు పోగొట్టాడు. కాలేజీ పట్టికలో అతడికి 13 పరుగులు, 35 గజాలు. చూసినవాడు ఇతడికి కాళ్ళు లేవనుకుంటాడు. పరుగెత్తే సామర్థ్యాన్నీ, ముందున్న లైన్ బలహీనతనూ ఒకే గిన్నెలో కలిపేసిన అంకె ఇది. బదిలీ కోసం ఆటగాణ్ణి బేరీజు వేసే జట్టు ఈ అంకెను నమ్మితే, పాత జట్టు లైన్ చేసిన తప్పును కొత్త ఆటగాడి మీద వేసినట్టే.

పట్టికలో అసలే కనిపించని విలువ మరొకటి. మామూలుగా క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నర్‌కు అందించాక అతడికి పని ఉండదు. డిఫెన్స్ పదకొండుగురికి ఎదురుగా దాడి పదిమందితోనే ఆడినట్టు. వెస్ట్ వర్జీనియాలోని చిన్న కళాశాల గ్లెన్‌విల్ స్టేట్‌లో 1990ల తొలినాళ్ళలో రిచ్ రోడ్రిగెజ్ అభివృద్ధి చేసిన జోన్ రీడ్ ఈ లెక్కను సరిచేసింది. డిఫెన్స్ అంచున ఉన్న ఒకణ్ణి ఎవరూ అడ్డుకోరు. క్వార్టర్‌బ్యాక్ అతణ్ణే చూస్తాడు. అతడు రన్నర్ మీదికి పోతే తాను బంతి ఉంచుకుని పరిగెత్తుతాడు, ఆగితే బంతి ఇచ్చేస్తాడు. కబడ్డీలో మూలనున్నవాడు రైడర్ కాలు ఎటు లేస్తుందోనని బిగుసుకుపోయే క్షణమే ఇది. ఆ బిగుసుకున్న అరక్షణంలో రన్నర్ ఎనిమిది గజాలు తీసుకుంటాడు. ఆ ఎనిమిదీ రన్నర్ ఖాతాలో పడతాయి. వాటిని సంపాదించిపెట్టిన భయం క్వార్టర్‌బ్యాక్‌ది.

కాలేజీ మైదానం కూడా ఇందుకు అనుకూలం. ప్రతి ప్లేకీ బంతిని ఉంచే గుర్తుల మధ్య వెడల్పు కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో బంతి తరచు ఒక పక్కకు చేరి, రెండోవైపు పెద్ద ఖాళీ మిగులుతుంది. కాళ్ళున్నవాడికి ఆ ఖాళీయే పొలం.

అయితే పరుగు పెరిగితే గెలుపు పెరుగుతుందా? ఓక్లహోమా మూడు సీజన్లు దీనికి అరుదైన పరీక్ష. లింకన్ రైలీ ప్రధాన కోచ్‌గా, ఒకే ఆట పద్ధతిలో, ముగ్గురు బదిలీ క్వార్టర్‌బ్యాక్‌లు వరసగా ఆడారు. 2017లో మేఫీల్డ్ పరుగు 311 గజాలు. 2018లో మర్రీ 1,001. 2019లో అలబామా నుంచి వచ్చిన జేలెన్ హర్ట్స్ 1,298. ఇద్దరికి హైస్మన్, మూడోవాడు ఆ ఓట్లలో రెండో స్థానం. జట్టు ఫలితం మూడేళ్ళూ ఒక్కటే: 12 గెలుపులు, 2 ఓటములు, ప్లేఆఫ్ సెమీఫైనల్లో పరాజయం. పరుగు నాలుగింతలైనా గడప దాటలేదు. 2019 సెమీఫైనల్లో హర్ట్స్ పరుగుతో రెండు టచ్‌డౌన్లు చేశాడు. అవతల బరో మొదటి సగంలోనే ఏడు టచ్‌డౌన్ పాసులు వేశాడు. స్కోరు 63–28. ఆ మూడేళ్ళు ఓక్లహోమాను ముంచింది డిఫెన్స్. దాన్ని క్వార్టర్‌బ్యాక్ కాళ్ళతో బాగుచేయలేం. డేనియల్స్ కూడా 2023 నవంబరు 11న ఫ్లోరిడా మీద 372 గజాలు పాసులతో, 234 గజాలు పరుగుతో సాధించి ఎవరూ చేయనిది చేశాడు. అయినా ఆ సీజన్లో ఎల్‌ఎస్‌యూ మూడు ఆటలు ఓడింది.

కాళ్ళకు ధర కూడా ఉంటుంది. 2020 అక్టోబరులో పెన్ స్టేట్ మీద అదనపు సమయంలో పెనిక్స్ మూలనున్న స్తంభం వైపు గాలిలోకి దూకి, చాచిన చేత్తో బంతి తాకించి ఇండియానాను 36–35తో గెలిపించాడు. కొన్ని వారాలకే అతడి మోకాలి కీలు బంధం రెండోసారి తెగింది. ఇండియానాలో ఆడిన నాలుగు సీజన్లూ గాయంతోనే ముగిశాయి. తర్వాత వాషింగ్టన్‌లో అతడు పాకెట్ వదలకపోవడాన్ని శైలి అనడం నాకు బాధగా అనిపిస్తుంది. ఆ శైలి వెనక రెండు మోకాలి శస్త్రచికిత్సలు ఉన్నాయి.

ఒకప్పుడు ఇదే నేరం

పరుగు విలువ గురించి రాస్తూ వారెన్ మూన్‌ను తలచుకోకపోవడం అన్యాయం. అతడూ బదిలీ ఆటగాడే. లాస్ ఏంజెలిస్‌లో జూనియర్ కాలేజీలో ఆడి, 1975లో వాషింగ్టన్‌కు వచ్చాడు. సొంత ప్రేక్షకులే వెక్కిరించారు. 1978 జనవరిలో రోజ్ బౌల్లో మిషిగన్ మీద రెండు టచ్‌డౌన్లు పరుగుతో, ఒకటి పాసుతో చేసి గెలిపించాడు. ఆ ఆటలో ఉత్తముడిగా ఎంపికయ్యాడు. ఆ ఏడాది కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో పన్నెండు రౌండ్లలో ఒక్క జట్టూ అతడి పేరు పలకలేదు. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ చురుకైన కాళ్ళవాడైతే, రిసీవర్‌గానో డిఫెన్స్‌లోనో ఆడమనే రోజులవి. కాలి చురుకుదనం బుర్ర తక్కువదనానికి గుర్తుగా చెలామణీ అయింది. మూన్ కెనడాకు వెళ్ళి ఎడ్మంటన్ జట్టుతో అక్కడి లీగ్ టైటిల్ అయిన గ్రే కప్పును వరసగా ఐదుసార్లు గెలిచాడు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాసులతో 49,325 గజాలు సాధించాడు. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతడే.

2010లో కామ్ న్యూటన్ ఫ్లోరిడా నుంచి, టెక్సస్‌లోని బ్లిన్ కాలేజీ మీదుగా ఆబర్న్ చేరి, ఒకే సీజన్లో 1,473 గజాలు పరిగెత్తి హైస్మన్, జాతీయ టైటిల్ రెండూ గెలిచాడు. మరుసటి ఏప్రిల్లో డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతడిదే. డేనియల్స్‌ను 2024లో రెండోవాడిగా ఎంచుకున్నారు. మూన్‌కు మూసిన తలుపు వీళ్ళకు తెరుచుకుంది. కానీ పాత అలవాటు మాటల్లో ఇంకా ఉంది. ఒకణ్ణి ‘ఆటను చదవగలిగినవాడు’ అనీ, మరొకణ్ణి ‘అథ్లెట్’ అనీ వర్ణించేటప్పుడు ఏ ఒంటి రంగుకు ఏ మాట దక్కుతోందో పరిశోధకుడు లెక్కపెట్టి చూడాలి. జోన్ రీడ్‌లో అరక్షణంలో ఎదుటివాడి భుజం చూసి నిర్ణయం తీసుకోవడం చదవడం కాక మరేమిటి?

కొలవవలసిన చోటు

కాబట్టి సీజన్ మొత్తం గజాల కన్నా, మూడో డౌన్, నాలుగో డౌన్‌లో పాసు మార్గాలు మూసుకుపోయాక క్వార్టర్‌బ్యాక్ తన కాళ్ళతో తెచ్చిన ఫస్ట్ డౌన్లను లెక్కించాలని నా ప్రతిపాదన. శాక్ నష్టాన్ని ఇందులోంచి వేరుచేయాలి. అతడు మైదానంలో ఉన్నప్పుడు, లేనప్పుడు రన్నర్ సగటు ఎలా మారిందో పక్కన పెట్టి చూడాలి. ఆటగాడు కొత్త జట్టులో ఎన్నో నెలలో ఉన్నాడన్నది ప్రతి లెక్కకూ జతచేయాలి.

2026 జనవరి 19న మయామి గార్డెన్స్‌లో జరిగిన ఫైనల్లోనూ ఇద్దరూ బదిలీ క్వార్టర్‌బ్యాక్‌లే. మయామి తరఫున జార్జియా నుంచి వచ్చిన కార్సన్ బెక్, ఇండియానా తరఫున కాలిఫోర్నియా బర్క్‌లీ నుంచి వచ్చిన ఫెర్నాండో మెండోజా. మెండోజాకు ఆ ఏటి హైస్మన్ తెచ్చింది అతడి చెయ్యి; అతణ్ణి ఎవరూ రన్నర్ అనరు. చివరి క్వార్టర్లో నాలుగో డౌన్ వచ్చింది. ఇండియానా ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకోలేదు. మెండోజా బంతి ఉంచుకున్నాడు, మధ్యలోంచి దూరాడు, దెబ్బలు తిన్నాడు, ఒళ్ళు గాలిలోకి విసిరి గీత దాటించాడు. 12 గజాలు. ఇండియానా 27, మయామి 21.