నగరాభివృద్ధిలో కేంద్ర ప్రభుత్వ పాత్ర (భారతదేశం)

రాజ్యాంగం ప్రకారం స్థానిక స్వపరిపాలన రాష్ట్రాల జాబితాలోని అంశం. అయినా నగరాల భవితవ్యంపై కేంద్రం ప్రభావం గణనీయం. అది కొంత చట్టం ద్వారా, ఎక్కువగా నిధుల ద్వారా పనిచేస్తుంది.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు రాజ్యాంగ హోదా కల్పించింది. పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, మురికివాడల అభివృద్ధి సహా 18 విధులను 12వ షెడ్యూలులో పేర్కొంది. వాటి బదలాయింపును మాత్రం రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలింది. సవరణలోని పెద్ద లోటు ఇదే. హైదరాబాద్‌లో నేటికీ తాగునీరు జలమండలి చేతిలో, మహానగర ప్రణాళిక హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చేతిలో ఉన్నాయి. రెండూ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలే.

2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం నిధులకు సంస్కరణలను ముడిపెట్టింది. పట్టణ భూపరిమితి చట్టం రద్దు వాటిలో ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ రద్దును 2008లో అమలుచేసింది.

2015 నాటి స్మార్ట్ సిటీస్ మిషన్ 100 నగరాలను పోటీ పద్ధతిలో ఎంపిక చేసింది. తొలి జాబితాలోని 20 నగరాల్లో విశాఖపట్నం, కాకినాడ ఉన్నాయి. పనులను ప్రత్యేక కంపెనీలకు అప్పగించడంతో, ప్రజలు ఎన్నుకున్న పాలకమండళ్లు పక్కకు జరిగాయన్న విమర్శ వచ్చింది, అందులో న్యాయముంది. ఈ మిషన్ 2025 మార్చిలో ముగిసింది.