చెన్నపట్టణపు కోటలోని సమాధిఫలకములు



నా పూర్వశిష్యుడొకడు ఇటీవల చెన్నపట్టణమునుండి కొన్ని ఛాయాచిత్రములను నాకు పంపెను. సెయింటు జార్జి కోటలో సెయింటు మేరీ చర్చి ఆవరణమున నేలపై పరచిన సమాధిఫలకముల చిత్రములవి. “గురువుగారూ, తాము తరగతిలో చెప్పిన రాళ్లివియే” అని యొక చిత్రము వెనుక వ్రాసియుండెను. ఆ మాట చదివి సంతోషించితిని. చిత్రములను చదివిన పిదప సిగ్గుపడితిని. ఏలయన, ఆ రాళ్లను గూర్చి నేను పెక్కేండ్లు బాలురకు చెప్పినది తప్పు.

ప్రతి ఫలకముక్రిందను, దానిపై పేరుగలవాడే శాశ్వతనిద్ర నొందుచున్నాడని నేను చెప్పుచుంటిని. యౌవనమున నొకమారు ఆ చర్చి చూచితిని గాని, అది నడిమధ్యాహ్నము. ఎండ నిట్టనిలువుగా పడుచుండ అక్షరములు కానరాలేదు. నా శిష్యుడు ప్రొద్దు పొడిచిన కొంతసేపటికి, ఏటవాలు వెలుగులో చిత్రములు తీసెను. చెక్కిన గాడులలో నీడ నిలిచి ప్రతిగీతయు తేటపడినది. తాటియాకుపై మసి పూసి అక్షరములను తేల్చుట మా గురువులకడ నేర్చినవాడను. సూర్యునిచేతనే ఆ పని చేయించవచ్చునని నాకు తోచకపోయెను!

ఆ చిత్రములలో ఎలిజబెత్ బేకరు అను నామె ఫలకము కలదు. ఆమె కోటకు మొదటి ప్రెసిడెంటైన ఏరన్ బేకరు భార్య. భర్తతో వచ్చుచు ఓడలోనే మరణించెను. సంవత్సరము 1652. ఇక చర్చిసంగతి చూడుడు. దానికి పునాది వేసినది 1678లో. ప్రతిష్ఠ జరిగినది 1680 అక్టోబరు 28వ తేదీన. చర్చి పుట్టుటకు ఇరువదియెనిమిదేండ్లు ముందే చర్చిముంగిట సమాధి యెట్లుండును?

ఉండలేదు. ఆనాటి ఇంగ్లీషువారి శ్మశానము కోటవెలుపల, పిమ్మట లా కాలేజీ వెలసిన తావున నుండెను. అందు సమాధులపై గోపురములవంటి పెద్ద కట్టడములు లేచినవి. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ చెన్నపట్టణమును ముట్టడించినపుడు, అతని సైనికులు ఆ కట్టడములచాటున నిలిచి కోటపై పోరాడిరి. 1759 ఫిబ్రవరిలో ముట్టడి తొలగినది. ఇంగ్లీషువారు మరల అట్టి ఆపద రాకుండ తమ పెద్దల సమాధులను తామే కూల్చిరి. రెండు మాత్రము మిగిలినవి. అందొకటి జోసెఫ్ హిన్మర్సుది. పిమ్మట గవర్నరైన ఎలీహూ యేలు తన పసికుమారుని గూడ అందే పూడ్చెను. మిగిలినవాని పేర్లు చెక్కిన పలకలను మాత్రము కోటలోనికి తెచ్చి చర్చిచుట్టు పరచిరి. దేహములు అచటనే యుండెను. పేర్లు ఇచటికి వచ్చెను.

అంతటితోనైన ఆ రాళ్లకు విశ్రాంతి దొరకలేదు. 1782లో, హైదరలీతో యుద్ధము నడచుచుండ, వానిని పెకలించి బురుజులపై ఫిరంగులకు పీఠములుగా వాడిరి. తరువాత తెచ్చి మరల పరచిరి. చిత్రములలో కొన్ని ఫలకముల అంచులు విరిగి యున్నవి. లాటిను, పోర్చుగీసు, ఇంగ్లీషు లిపులు ఒకదానిప్రక్క నొకటి క్రమములేక కనబడుచున్నవి. పుటలు తారుమారైన తాళపత్రగ్రంథమును సరిచూచినవారి కిది క్రొత్త కాదు. పాఠము నిజమైనదే, స్థానము మాత్రము చెడినది. ఆ రాళ్లను ఇన్నిమారులు మోసిన కూలీల పేర్లు వేనిమీదను లేవు.

ఇక మన సీమకు సంబంధించిన మాట యొకటి. ఆ చర్చిలోపల సర్ థామస్ మన్రో సమాధి కలదు. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ముఖ్య కలెక్టరై రైతువారీ పద్ధతిని నెలకొల్పినవాడితడే. గవర్నరై యుండగా మరల ఆ సీమను చూడవచ్చి, 1827 జులై 6వ తేదీన పత్తికొండలో కలరాచే మరణించెను. మొదట పూడ్చినది గుత్తికోట క్రింద. 1831లో అస్థులను చెన్నపట్టణము చేర్చిరి. ఫలకములవలె గాక, ఇచట దేహమే కదలినది. చెన్నపట్టణపు చిత్రమును మాత్రము చూచినవాడు, ఇతడు కోటలోనే మరణించి కోటలోనే పూడ్చబడెనని తలపక మానడు.

కడపసీమలో పాపఘ్ని కొండల నడుమ పారు గండియొద్ద, మరణము సమీపించినవారికే కనబడు బంగారుతోరణమును మన్రో చూచెనని జనులు చెప్పుకొందురు. దానిని చరిత్రగా నేను చెప్పను. కాని ఆ సీమవారు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనుట కల్ల గాదు. రాతిపై లేని ఈ సంగతిని ఊరివారినడిగి తెలిసికొనవలసినదే.

శిష్యునకు జవాబు వ్రాసితిని. మొదట నా తప్పు ఒప్పుకొంటిని. పిమ్మట, వీలుచూచుకొని గుత్తికి పోవలసినదనియు, అచటి తెల్లవారి శ్మశానమును ఉదయపువెలుగులో చిత్రించవలసినదనియు కోరితిని. రాతిని మాత్రమే గాక, దాని చుట్టునున్న నేలయు, వెనుక కొండయు కనబడునట్లు తీయుమంటిని. చిత్రము వెనుక ఈమారు నా మాట గాక, ఆ తావు పేరును తేదీని వ్రాయుమని చెప్పితిని.